తడికట్టెలు

తడికట్టెతో పొయ్యి రాజెయ్యడం నేర్పించడం నా పని.
పదకొండేళ్ళుగా ఈ కొండమీద,
కింద మదాంగ్ రేవు కనబడే ఈ వంటపాకలో,
దేవుడి మాట మోసుకుపోవడానికి వచ్చినవాళ్ళకి
ముందు పొగ మింగడం నేర్పాను.
పైబెరడు ఒలువు, లోపల పొడి దొరుకుతుంది.
ఊదు. అలా కాదు, కొవ్వొత్తి ఆర్పుతున్నట్టు కాదు,
పసివాడి కంట్లో నలుసుకి ఊదినట్టు.

ఈసారి పద్నాలుగు మంది.
మూడోవారం రేడియో గరగరమంటూ చెప్పింది,
విమానాల్లేవు, ఓడల్లేవు, రేవు మూశారని.
వాళ్ళు మోకరించారు.
నేను బియ్యం కొలుచుకున్నాను.

మర్నాడు చర్చిపాకలో బెంచీకీ బెంచీకీ మధ్య
బోధకుడు సపేయో గొడ్డలికామతో కొలిచి ఎడం పెట్టాడు.
ఒకే బుట్టలో రొట్టె వద్దన్నారు,
ఎవరి చిలగడదుంప ముక్క వాళ్ళ ఆకులో.
ద్రాక్షరసం ఎప్పుడో అయిపోయింది.
కొబ్బరినీళ్ళు పనికొస్తాయా రావా అని పొద్దెక్కేదాకా వాదన.
వాదన తెమిలేసరికి నీళ్ళు పులిశాయి.
"ఇప్పుడు పనికొస్తాయేమో" అన్నాడు ఓస్మో,
ఫిన్లాండ్ మనిషి, నవ్వడం డబ్బు ఖర్చనుకునేవాడు.
ఆ పూట మాస్కులన్నీ ఊగాయి.

చేతులు కలపొద్దని పాఠం చెప్పాలట.
నిన్నటిదాకా పలకమీద ఉన్న పాఠం:
మా దగ్గర చెయ్యి కలపనివాడు వీపువెనక కత్తి ఉన్నవాడు.
సపేయో దాన్ని తుడిచి
సుద్దముక్క పట్టుకుని
చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

అయిదువారాల పల్లె కాపురం మొదలవ్వాల్సిన రోజు
మూటలు కట్టుకుని దిగాం.
వాగు దాటగానే దారికి అడ్డంగా
రెండు కొబ్బరిమట్టలు, ఒకదానిమీదొకటి.
తంబు.
ఇక్కడిదాకానే, అని.
కట్టింది మా అక్క కొడుకే. అవతల నిలబడి అరిచాడు:
"ఎవరూ రావద్దు పిన్నీ. నువ్వూ రావద్దు."
వీళ్ళు ఇంట్లోకి ఎలా అడుగుపెట్టాలో నేర్చుకున్నారు,
ఎక్కడ కూర్చోవాలో, దేన్ని దాటకూడదో,
పెట్టింది ఎలా తినాలో.
వెనక్కి తిరగడం మా పాఠాల్లో లేదు.
మూటలు మోస్తూ ఎక్కుతుంటే
వాళ్ళకంటే నేనే ఎక్కువసార్లు ఆగాను.

అప్పట్నుంచి మూడురోజులకోసారి
మట్టల ఇవతల ఏదో ఒకటి ఉండేది.
అరటిగెల, చేమదుంపలు,
ఒకసారి కాళ్ళు కట్టేసిన కోడి.
ప్రతిసారీ ఎండుకట్టెల మోపు.
దుంపలు అందరికీ చూపించాను.
కట్టెలు మాత్రం గోనెపట్టా కింద దాచాను.
నా పాఠానికి తడికట్టే కావాలి మరి.

పిడుగు తిన్న కొబ్బరిచెట్టు మొదట్లో తప్ప
ఈ కొండమీద ఫోనుకి ప్రాణం రాదు.
హ్యేజిన్ ఆ రాత్రి అక్కడికి ఎక్కింది, వానలో.
బుసాన్‌లో నర్సు.
అక్కడ నర్సులు చాలడం లేదని తెలిసీ
ఇక్కడ దుంపలు తొక్కతీస్తూ చిక్కుబడ్డ మనిషి.
వాళ్ళ నాన్నని సాగనంపడానికి నలుగురినే రానిచ్చారట.
ఒకరి చేతిలో ఫోను.
బొమ్మ ఆగిపోయి, మళ్ళీ కదిలి, ఆగిపోయిందట.
కదిలేలోగా మట్టి కప్పేశారట.

పాకలోకొచ్చి నిలబడింది, నీళ్ళు కారుతూ.
మా భాషలో ఒకే మాట ఉంది, సోరి.
తప్పుకీ అదే, జాలికీ అదే,
నిన్ను వదిలి ఉండలేకపోతున్నానన్నా అదే.
సోరి, అన్నాను.
ఆమెకి నేర్పిన అర్థాల్లో ఏది వినబడిందో!
ముట్టుకోకూడదు. మధ్యలో పొయ్యి.

గోనెపట్టా ఎత్తాను.
మా అక్క కొడుకు కట్టిన మోపు విప్పాను.
ఒక్క పుల్లకే భగ్గుమంది.
కెటిల్ పెట్టాను. పిల్లి వచ్చి చోటు చేసుకుంది.

మంటవైపు చూసి చూసి,
వేలితో ఒక కట్టెని చూపించి,
వచ్చీరాని మా భాషలో అడిగింది:
"ఇవి తడివేనా?"

"తడివే" అన్నాను.
ఈ పాకలో నేనాడిన మొదటి అబద్ధమేం కాదు.